ఆరేళ్ళ పాపకి, మూడున్నరేళ్ళ బాబుకి ఇంట్లో ఏ పనులు చెప్పొచ్చు?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తప్పుంటే దిద్దండి. ఏడాది కిందట హైదరాబాద్ వదిలి రాజోలు వైపు అత్తగారి ఊరు వచ్చేశారు. పెంకుటిల్లు, పెరట్లో కొబ్బరిచెట్లు, అయిదు కోళ్ళు, పెరడు దాటితే పంటకాలువ. పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడున్నర. పాప తిన్న కంచం కూడా తీయదు, గట్టిగా చెప్తే ఏడుపు. ఫోన్లో ఎవరో పంపిన "ఏ వయసుకి ఏ పని" అనే చార్టు గోడకి అంటించారు, అది వారం కూడా నడవలేదు. మీ అత్తగారేమో "పసివాళ్ళ చేత పనులేంటి, మనకేం తక్కువైందని" అంటున్నారు. ఏ పని చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

సూటిగా చెప్పేస్తాను. బాబుకి, రాత్రి అన్నాల వేళ అందరికీ గ్లాసులు పెట్టే పని ఇవ్వండి. పాపకి, సాయంత్రం కోళ్ళని లెక్కపెట్టి గూట్లోకి తోలే పని. ఒక్కొక్కరికి ఒక్కటే. రెండు నెలల దాకా ఇంకో పని కలపొద్దు. గోడ మీద చార్టు తీసేయండి. ఇంకో మాట, ఇది మిగతా అన్నింటికన్నా ముఖ్యం: కాలువ, నుయ్యి, పొయ్యి, కత్తిపీట, ఈ నాలుగింటి దగ్గరకి వెళ్ళాల్సి వచ్చే పని ఎంత చిన్నదైనా ఇద్దరికీ చెప్పొద్దు. ఎందుకలా అంటున్నానో కింద రాస్తున్నాను, కాస్త పొడుగైంది, వీలున్నప్పుడు చదువుకోండి.

నేను కోనసీమలో 27 ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలే రోజంతా నా చుట్టూ. సొంత పిల్లలు ఇద్దరు, ఇప్పుడు మనవలు ముగ్గురు. పిల్లల మీద పెద్ద చదువులేమీ చదవలేదు గానీ ఏ పని ఇస్తే పిల్లాడు రెండో రోజు కూడా వచ్చి అడుగుతాడో, దేనికి చీపురు వెనకాల దాక్కుంటాడో బాగా చూశాను.

ఆ చార్టు సంగతి. అది తప్పని కాదు, మీ ఇంటిది కాదంతే. అందులో ఏమున్నాయి? డిష్‌వాషర్ ఖాళీ చేయడం, కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళడం, పోస్టు డబ్బాలో ఉత్తరాలు తేవడం. మనింట్లో కింద కూర్చుని కూరలు తరుగుతాం, కత్తిపీట పిల్లాడి మోకాలి ఎత్తులోనే ఉంటుంది. గాబు నిండా నీళ్ళుంటాయి. వీధి తలుపు ఒకటీ, పెరటి తలుపు ఒకటీ రోజంతా బార్లా తీసే ఉంటాయి. కాబట్టి "అయిదేళ్ళు వస్తే ఇది, ఆరేళ్ళు వస్తే అది" అనే లెక్క ఇక్కడ సగమే పనికొస్తుంది. నేనైతే వయసు కన్నా ముందు పనిని చూస్తాను. ఆ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్లాడి కంటికి కనిపించాలి. వాడు చేయకపోతే ఇంట్లో ఎవరికో ఒకరికి తెలియాలి. చెడగొడితే పోయేది ఓ గ్లాసు నీళ్ళో, గుప్పెడు నూకలో అయి ఉండాలి, ఒంటి మీద చర్మం కాకూడదు.

"గది సర్దు" అంటారు చూడండి, అది పెద్దవాళ్ళకే అంతుపట్టని పని. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు అయిపోయినట్టు? పాప ఏడవడం బద్ధకం వల్ల కాకపోవచ్చు, ఏం చేయమన్నారో తెలియకపోవచ్చు. అదే "గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు చేసి గోడవారగా పెట్టు" అనండి. చివరి జత పెట్టగానే అయిపోయిందని తనకే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

బాబుకి గ్లాసులే ఎందుకన్నానంటే, స్టీలు గ్లాసు కింద పడితే చప్పుడే, పగలదు. వాడు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి. తాతకి పెద్ద గ్లాసు, చెల్లి వరసయ్యే పిల్ల వస్తే చిన్నది. మొదట్లో రెండు రెండుగా పట్టుకెళ్తాడు, ఒకటి దొర్లిపోతే దాని వెనక పరిగెడతాడు, ఆరు గ్లాసులకి పది నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. ఇందులో అసలు కిటుకు ఎక్కడుందంటే, వాడు మర్చిపోయిన రోజు మీరు గుర్తు చేయకూడదు. తాతగారు పీట మీద కూర్చుని "నా గ్లాసేదిరా?" అనాలి. కోపంగా కాదు, నిజంగానే దాహమేసినట్టు. ఆ ఒక్క ప్రశ్న వంద స్టిక్కర్ల పెట్టు. తన కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని మూడేళ్ళ పిల్లాడికి కూడా తెలుస్తుంది. నీళ్ళు పోసే పని మాత్రం ఇంకో ఆర్నెల్లు పోనివ్వండి. పోయించాలనిపిస్తే చిన్న చెంబులో సగం దాకా నీళ్ళిచ్చి, కింద గుడ్డ పరిచి పోయించండి.

మా కేంద్రంలో ఒక బాబు ఉండేవాడు, లంకలోంచి పంటు మీద గోదారి దాటి వాళ్ళ అమ్మ తీసుకొచ్చేది. మూడు నెలలు నోరు తెరవలేదు. పాటలు పాడడు, ఆటలకి రాడు, మూల కూర్చుంటాడు. ఓ రోజు ఆయాకి ఒంట్లో బాగోక రాలేదు, నేనొక్కదాన్నే, మధ్యాహ్నం గుడ్డు, అన్నం వడ్డించాలి. పళ్ళాలు వీడి చేతికిచ్చి "ఒక్కొక్కరి ముందు ఒకటి పెట్టు నాన్నా" అన్నాను, ఏదో పని గడవాలని. మర్నాడు ఆయా వచ్చి పళ్ళాలు తీస్తుంటే వాడు లేచి వెళ్ళి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగాడు. ఆ పని వాడిదట! నెల తిరిగేసరికి పిల్లలందరి పేర్లూ వచ్చేశాయి, ఎవరు రాలేదో కూడా వాడే చెప్పేవాడు, హాజరు పుస్తకం తీయక్కర్లేకపోయేది. అలాగని పళ్ళాలిస్తే మాటలొస్తాయని కాదు, వచ్చే టైముకే వచ్చాయేమో. కానీ అప్పట్నుంచీ మా కేంద్రంలో పళ్ళాలు పెద్దవాళ్ళు పెట్టడం మానేశాం. ట్రైనింగ్‌లో మాకు మరియా మాంటిస్సోరీ గురించి చెప్పేవారు, 1907లో రోమ్‌లో ఆవిడ మొదలెట్టిన బడిలో నీళ్ళు ఒంపడం, బల్ల తుడవడం, గుండీలు పెట్టుకోవడం ఇవన్నీ పాఠాలేనని. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిందట. అప్పుడు చెవికెక్కలేదు గానీ ఈ పిల్లాణ్ణి చూశాక బుర్రకెక్కింది.

ఇక పాపకి కోళ్ళు. ఆరేళ్ళ పిల్లకి ఇంతకన్నా మంచి పని మన పల్లెల్లో నాకు కనిపించలేదు. గడియారం చూడక్కర్లేదు, పొద్దు వాలేసరికి కోళ్ళే గూటి వైపు చేరతాయి. తను గుప్పెడు నూకలు చల్లి "బా బా" అని పిలిచి, లోపలికి తోలి, అయిదూ వచ్చాయో లేదో లెక్కపెట్టాలి. నాలుగే ఉంటే ఇల్లంతా కదలాలి, పొరుగింటి దొడ్లో చూడాలి, గడ్డిమేటు పక్కన చూడాలి (చూసేది పెద్దవాళ్ళు, పాప కాదు, ఎందుకో కింద చెప్తాను). తన లెక్క మీద ఇంత హడావుడి జరిగిందంటే ఆ పిల్ల మర్నాడు ఇంకా జాగ్రత్తగా లెక్కపెడుతుంది. గూటి తలుపు తనే వేస్తుంది, తను పక్కకెళ్ళాక మీరోసారి గడియ సరిగ్గా పడిందో లేదో చూసి రండి. ముంగిసకి పిల్లల పెంపకం గురించి తెలీదు కదా. అయితే పిల్లలతో ఉన్న కోడి గానీ, పొదుగుతున్న పెట్ట గానీ ఉంటే దాని దగ్గరకి పంపొద్దు, కళ్ళ మీదకి ఎగిరి పొడుస్తుంది. గూడు కడగడం, రెట్ట ఎత్తడం ఇప్పుడే వద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది కూడా పనిలో భాగమే, చివరి ముక్క.

ఇప్పుడు నీళ్ళ గురించి. ఇక్కడ కాస్త పెద్దగానే రాస్తాను, విసుక్కోకండి.

మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు. అప్పుడు మేము ఉన్న ఇంటికి వెనక చెరువు, రేవుకి ఏడెనిమిది మెట్లు. గిన్నెలు తోముకుని వచ్చేసి చూస్తే మరచెంబు పై మెట్టు మీద మర్చిపోయాను. "నాన్నా, చెంబు పట్రా" అన్నాను. పై మెట్టే కదా అనుకున్నాను. వాడు వెళ్ళాడు. చెంబు తీసుకున్నాడు, బాగానే ఉంది, కానీ అందులో నీళ్ళు లేవు. అమ్మ రోజూ రేవు నుంచి చెంబు తెస్తే నీళ్ళతోనే తెస్తుంది కదా! నింపడానికి కిందకి దిగాడు. మూడో మెట్టు మీద పాచి. అవతల బట్టలుతుకుతున్న ఆయన ఒక్క దూకు దూకి జబ్బ పట్టుకుని లాగకపోతే ఈ సమాధానం రాసే మనిషిని వేరేలా ఉండేదాన్ని. తప్పు వాడిది కాదు. నేను చెప్పిన పని ఒకటి, వాడు చూసి నేర్చుకున్న పని ఇంకొకటి. చిన్నపిల్లలు మనం చెప్పింది చేయరు, మనం చేసేది చేస్తారు. పని ఎంచేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

కాబట్టి "కాలువ దగ్గరకి వెళ్ళకు" అంటే సరిపోదు. ఏ పని వాళ్ళని అటు నడిపిస్తుందో చూడాలి. చెత్త పారబొయ్యి అంటాం, పారబోసేది గట్టు మీదే. దూడని తోలుకురా అంటాం, అది మేసేది గట్టు మీదే. ఆరేసిన బట్టలు తే అంటాం, తాడు కట్టింది రేవు పక్క కొబ్బరిచెట్టుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో నీళ్ళలో మునిగి చనిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకి, ఆ తర్వాత అయిదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి. మీ ఇద్దరూ సరిగ్గా ఆ వయసుల్లోనే ఉన్నారు. మన కాలువలతో ఇంకో చిక్కు కూడా ఉంది. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు, పిల్లలు అడుగున దిగి ఆడతారు, గుల్లలు ఏరతారు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిచిపోతారు. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారు. మనకి అది పంటకి నీళ్ళు, పిల్లల కాళ్ళకి మాత్రం అది ఇంకా నిన్నటి ఆటస్థలమే. నీళ్ళు వదిలిన మొదటి రెండు వారాలు పెరటి తలుపు మీద ఒక కన్ను వేసే ఉంచండి. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకి ఇదంతా ఇంకా కొత్తే కాబట్టి మరీనూ.

గాబు, బకెట్టు కూడా నీళ్ళే. రెండు మూడేళ్ళ పిల్లాడు తలకిందులుగా పడితే జానెడు నీళ్ళు చాలు. మొక్కలకి నీళ్ళు పోయిస్తాను అంటారు చాలామంది, మంచి పనే, కానీ మగ్గులో నీళ్ళు మీరు ముంచి ఇవ్వండి, వాడు గాబులోకి వంగకూడదు. మీవారు చేపలూ, రొయ్యలూ పెంచే చెరువుల మీద పనిచేస్తారని రాశారు. పాపని మేత వేయడానికి సరదాగా తీసుకెళ్ళడం గురించి అడిగారు. వద్దు. గట్టు ఏటవాలుగా ఉంటుంది, పక్కన ఏరియేటర్ల (నీళ్ళలోకి గాలి కొట్టే మిషన్ల) కరెంటు వైర్లుంటాయి. చూడ్డానికి వెళ్తే చెయ్యి పట్టుకుని వెళ్ళి చూసి రావాలి, పని పేరుతో కాదు.

నీళ్ళు కాక ఇంకొన్ని ఉన్నాయి, పైకి అమాయకంగా కనిపిస్తాయి. కొబ్బరి డొక్కల పోగులోంచో, పుల్లల మోపులోంచో రెండు పట్రమ్మని పంపడం. తేళ్ళూ, జెర్రులూ, ఒక్కోసారి పాములూ ఉండేది అక్కడే, గడ్డిమేటూ అంతే. కొబ్బరి దింపు జరిగే రోజు పిల్లలకి పెరట్లో ఏ పనీ లేదు, ఏరడం కూడా మనిషి చెట్టు దిగాకే. ఎండుమిరపకాయల తొడిమలు తీయించకండి, ఆ చేత్తో కళ్ళు నులుముకున్నాక రాత్రంతా మీకే జాగారం. మూడేళ్ళ లోపు పిల్లలున్న చోట పెసలు, శనగలు, చింతగింజలు ముందు పెట్టి ఏరించొద్దు, అవి ముక్కులోకి వెళ్తాయి, నా సర్వీసులో ఒక పెసరగింజ కోసం అమలాపురం పరిగెత్తిన రోజు నాకింకా గుర్తే. ఫినాయిలు, యాసిడ్, పురుగుమందు వాళ్ళ చేత తెప్పించొద్దు, వాటిని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టనే పెట్టొద్దు. నానమ్మ మాత్రల డబ్బా కూడా అంతే. కళ్ళజోడు తెచ్చివ్వడం, పేపరు తెచ్చివ్వడం ఎంత మంచివో, మాత్రలు తెచ్చివ్వడం అంత చెడ్డది.

పొయ్యి గురించి ఒక్క మాట. అన్నం వార్చే వేళ వంటింట్లో పిల్లల పని ఏదీ పెట్టుకోకండి. మా తోడికోడలి పాప గంజి గిన్నె పట్టుకోబోయి తొడ మీద ఒంపుకుంది. పక్కింటివాళ్ళు టూత్‌పేస్టు రాశారు, అది తప్పు. కాలినచోట మామూలు చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి, తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి. పేస్టూ, సిరా, ఐసుముక్కా ఏదీ వద్దు.

మీ అత్తగారి మాటకొద్దాం. ఆవిడ్ని తప్పు పట్టకండి. ఆవిడ చిన్నప్పుడు పని అంటే గ్లాసులు పెట్టడం కాదు కదా. తమ్ముణ్ణి చంకనేసుకుని, బడి మానేసి, కోతల్లో పరిగె ఏరుకునే పిల్లల్ని ఆవిడ చూసే ఉంటారు, బహుశా తనే ఆ పిల్ల అయి ఉంటారు. మనవరాలికి అది వద్దనుకోవడం ప్రేమే. చట్టం కూడా ఆ భయాన్నే రాసుకుంది, బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, ఇంట్లోవాళ్ళకి సాయం అయినా బడి వేళలు కాకుండా, ప్రమాదం లేనిదై ఉండాలి. నేను గీసుకున్న గీత కూడా దాదాపు అక్కడే ఉంది: బడినీ, నిద్రనీ, ఆటనీ తినేసే పని పిల్లల పని కాదు. అలాగే పెద్దవాళ్ళ బాధ్యత మొత్తం వాళ్ళ నెత్తిన పెట్టడం. "తమ్ముణ్ణి చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తాను" అని పాపకి చెప్పి బయటికెళ్ళడం మనందరం చేసేదే, నేనూ చేశాను, చేయకూడదు. ఆరేళ్ళ పిల్ల ఇంకో పిల్లాడికి కాపలా కాలేదు, ముఖ్యంగా వెనక కాలువ ఉన్న ఇంట్లో.

అత్తగారితో వాదించి గెలవడం కన్నా ఆవిడ్ని ఇందులోకి దింపడం తేలిక. "మీరు కూర్చోండి అత్తయ్యా, పాప మీకు సాయం చేస్తుంది" అనకండి, అది ఎవరికీ నచ్చదు. "పాపకి గోంగూర ఆకు దూయడం రావట్లేదు, మీరైతే చక్కగా చూపిస్తారు" అనండి. గోంగూర, కరివేపాకు, మునగాకు దూయడం, చిక్కుడుకాయల పీచు తీయడం ఇవన్నీ కత్తి అక్కర్లేని పనులు, పక్కన పెద్దావిడ కబుర్లు చెప్తుంటే పిల్లలకి పనిలా ఉండదు. ధనుర్మాసం రానివ్వండి, భోగి పిడకలు మొదలుపెట్టించండి. ఆవుపేడతో చిన్న చిన్న బిళ్ళలు తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, ఎండలో పెట్టి, రోజూ తిరగేసి, ఎండాక తాడుకి గుచ్చి దండ చేసి భోగి మంటలో వేయడం. బెంగుళూరులో పుట్టిన మా మనవరాలు మొదటి రోజు ముక్కు మూసుకుంది, చేతికి కవరు కావాలంది. మూడో రోజుకి తన పిడకలు ఏవో, అన్నయ్యవి ఏవో గుర్తుకి సున్నం బొట్లు పెట్టుకుంది, కాకి ఒకటి ఎత్తుకుపోతే నాతో తగువు. ఇప్పుడు దండలు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనుక్కునేవాళ్ళు కొనుక్కోవచ్చు. నెల రోజుల పని, చివర్న ఊరంతా చూసే మంట, పిల్లలకి అంతకన్నా ఏం కావాలి. ఒక్కటే, మంటలో వేసేటప్పుడు మీ చెయ్యి పాప చేతి మీద ఉండాలి, నైలాన్ గౌను కాకుండా నూలు బట్టలు వేయండి.

నేర్పడం గురించి. ఒకసారి నెమ్మదిగా మీరు చేసి చూపించండి, చేస్తూ మాట్లాడకండి. చేతులు చూడాలా, మాట వినాలా అని పిల్లలు తికమక పడతారు. సామాను వాళ్ళ చేతికి సరిపడాలి. చీపురు పట్టుకుంటానని బాబు గోల చేస్తాడు చూడండి, ఈనెల చీపురు అరిగిపోయి పొట్టిదైనది వాడికిచ్చేయండి, కొత్త పొడుగు చీపురు చివర కంట్లో తగులుతుంది. తర్వాత అన్నిటికన్నా కష్టమైనది: వాళ్ళు చేసిందాన్ని వాళ్ళ ఎదుట మళ్ళీ చేయకండి. పాప తువ్వాలు ముద్దగా మడత పెడితే ముద్దగానే అల్మారాలో పెట్టండి. మీరు విప్పి మళ్ళీ మడత పెట్టారంటే "నువ్వు చేసింది చెల్లదు" అన్నట్టే, ఆ తర్వాత నుంచి ఆ పని మీదే. నేను నా కూతురి దగ్గర ఈ తప్పు పదేళ్ళు చేశాను. నాకు ముగ్గు వంకర పోతే నచ్చదు, వెనకాలే వెళ్ళి దిద్దేదాన్ని. ఆ అమ్మాయికి ఇప్పుడు ముప్పై నాలుగు, ఈరోజుకీ ముగ్గు పెట్టదు, స్టిక్కరు అంటిస్తుంది.

మెచ్చుకోవడం కూడా అతి చేయకండి. "వావ్, సూపర్" అని చప్పట్లు కొడితే మూడు రోజులు బాగుంటుంది. "అయిదూ వచ్చాయా? ఆ నల్లపెట్ట ఇవాళ తొందరగా వచ్చిందే" అని మాట్లాడండి, పెద్దవాళ్ళ పని గురించి మాట్లాడినట్టు. డబ్బులివ్వాలా అన్నారు. నా మట్టుకు వద్దు. మా బంధువుల పిల్లాడు పదేళ్ళకే మంచినీళ్ళు తెమ్మంటే "ఎంతిస్తావ్" అంటాడు, నవ్వులాటకి మొదలెట్టారు, ఇప్పుడు నవ్వడంలేదు ఎవరూ. పెద్దయ్యాక సెలవుల్లో పెద్ద పని ఏదైనా చేస్తే ఇచ్చుకోవచ్చు, అది వేరే. పనిని శిక్షగా కూడా వాడొద్దు, "అల్లరి చేశావుగా, గ్లాసులు పెట్టు" అంటే గ్లాసులు ఇక వాడికి పడవు.

రెండు మూడు వారాలకి ముచ్చట తీరిపోతుంది. ఇది అందరిళ్ళలో జరిగేదే, మీ చార్టుకి అది వారం లోపే జరిగింది, అందులో రోజుకో పని ఉంది కదా. అప్పుడు పని మార్చకండి, వేళ మార్చకండి. దాని ముందు జరిగేదానికి ముడిపెట్టండి: నానమ్మ దీపం పెట్టగానే కోళ్ళు, కూర గిన్నె చాప దగ్గరకి రాగానే గ్లాసులు. "ఎన్నిసార్లు చెప్పాలి" అనడం కన్నా ఈ ముడి బాగా పనిచేస్తుంది. జ్వరం వచ్చినరోజు, బాగా అలిసినరోజు వదిలేయండి, "ఇవాళ నీ పని నేను చేస్తాను" అని చెప్పి చేయండి, ఆ మాటలో "నీ పని" అనేది ముఖ్యం. ఏడ్చినా సరే చేయించాలనే పంతం మూడున్నరేళ్ళ వాడి దగ్గర పనికిరాదు. ఆరేళ్ళ పాప దగ్గర కాస్త పనికొస్తుంది గానీ అరవకుండా, పక్కన నిలబడి, "ఒక కోడి నేను తోలతాను, నాలుగు నువ్వు" అని.

తిన్న కంచం సంగతి మీరు ముందు అడిగారు, నేను చివరికి తెచ్చాను. దాన్ని పనిగా చెప్పకండి, ఇంటి పద్ధతిగా పెట్టండి. మీవారు, మామగారు వాళ్ళ కంచాలు వాళ్ళు తీస్తారా? మీరు రాసినదాన్ని బట్టి తీయరు. అందరి ఎంగిలి కంచాలూ ఆడవాళ్ళు ఎత్తుతుంటే పాపకి అర్థమయ్యేదేమిటి, బాబుకి అర్థమయ్యేదేమిటి? మామగారికి మీరు చెప్పలేకపోవచ్చు, ఆ వయసులో మారతారని నేనూ అనుకోను. మీవారు ఒక్కరు వారం రోజులు తీస్తే చాలు, బాబు వెనకే తీస్తాడు, బాబు తీస్తే పాప పంతానికైనా తీస్తుంది. గ్లాసుల పని కావాలనే బాబుకిచ్చాను, గమనించే ఉంటారు.

తర్వాత తర్వాత ఏమివ్వాలి అంటే, పాపకి ఏడెనిమిది వచ్చాక బియ్యం చేటలో పోసి వడ్లూ, రాళ్ళూ ఏరడం, తన యూనిఫారం మడతలు, నూకలూ తవుడూ డబ్బా అడుగంటాయో లేదో చూసి చెప్పడం. బాబు అయిదు దాటాక కోళ్ళు వాడికి, పాపకి ఇంకోటి. కత్తిపీట నేనైతే పదేళ్ళ దాకా ముట్టనివ్వను, ముందు చిన్న చాకుతో అరటిపండు, ఉడికిన దుంప కోయించి చూస్తాను. వరదల రోజుల్లో, శ్రావణమాసం అటూ ఇటూ, మీది లంక దగ్గరైతే బయట పనులన్నీ ఆపేసి ఇంట్లో పనులే పెట్టండి.

ఇవాళ ఒక పని మీరు చేయండి, పిల్లలు కాదు. పెరటి తలుపు గడియ ఎంత ఎత్తులో ఉందో చూడండి. కాళ్ళెత్తి నిలబడితే బాబు చెయ్యి అందుతుందా, పీట వేసుకుంటే అందుతుందా? అందేలా ఉంటే రేపే వడ్రంగిని పిలిచి పైన ఇంకోటి వేయించండి. కోళ్ళగూడు ఆ తలుపుకి ఇవతల ఉందా, అవతల ఉందా మీరు రాయలేదు. అవతలైతే మాత్రం పాపకి చెప్పిన పని ఆపండి, గూడు ఇవతలికి మార్చాకే మొదలుపెట్టించండి. చూసి ఇక్కడే రాయండి, గూడు మార్చే వీల్లేకపోతే కోళ్ళకి బదులు ఏమివ్వాలో చెప్తాను.